ఉద్దానంలో బొమ్మల అప్పన్న ఇంటి గుగ్గిళ్ళు

మా ఇంట్లో గుగ్గిళ్ళు తిన్నవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "ఇన్ని గింజలు ఒక్కచోట కలిపి చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని. అందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. నా నోరు నొప్పెట్టిందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి. అందుకే రాసి పెట్టేస్తున్నాను. ఉద్దానం ఇసకదారులు చూడనివాళ్ళు ఇది చదువుకోండి, చూసినవాళ్ళు తప్పులుంటే దిద్దుకోండి.

మా వారు కాకినాడ రేవులో పడవలవాళ్ళకి కొబ్బరితాళ్ళు అమ్ముతారు. పక్కనే కోనసీమ ఉండగా తాళ్ళకోసం పలాస అవతలి ఉద్దానం దాకా ఎందుకయ్యా అంటే, అక్కడి తాడు ఉప్పునీళ్ళకి ఊరికే కుళ్ళదంటారు. ఏటేటా చైత్రంలో వెళ్ళొస్తారు. ప్రతి ఏడూ "వచ్చే ఏడు నిన్నూ తీసుకెళ్తాను" అనడం, ప్రతి ఏడూ ఒక్కరే రైలెక్కడం. ఈ ఏడు నేను ముందే మూట కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఆయన చెప్పులు వేసుకోవాలంటే నన్ను దాటి వెళ్ళాలి. ఇంకేం చేస్తారు, తీసుకెళ్ళారు.

పలాస

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. స్టేషను బయట ఒక ముసలామె చాటలో కాల్చిన జీడిపిక్కలు పెట్టుకుని కూర్చుంది. మా ఊళ్ళో జీడిపప్పు అంటే పెళ్ళివారి పాయసంలో తేలే వస్తువు, గరిటెకి తగిలితే అదృష్టం. ఇక్కడ గుప్పెడు పిక్కలు ఇచ్చి, నేనిచ్చిన డబ్బు చూసి, ఇంకో గుప్పెడు పోసింది.

ఆత్రం ఊరుకోనిస్తుందా? పెంకుతోసహా ఒకటి పంటికింద పెట్టి పటుక్కున కొరికాను. పెదవి భగ్గుమంది.

"ఏటమ్మా, కొరికీసినావా?" అని ముసలామె నా గడ్డం పట్టుకుంది. "అది జీడి, మూతి కాలిపోద్ది. అలగ నాకీకు. ఇలగుండు." కొంగుముడిలోంచి చిన్న కొబ్బరిముక్క తీసి, నమిలి, ఆ పాలు నా పెదవికి రాసింది. పరాయి మనిషి నమిలిన కొబ్బరి నా మూతికి. మా అత్తగారు చూస్తే నన్ను సముద్రంలో ముంచి తీసేవారు. మంట మాత్రం తగ్గింది. మిగతా పిక్కలన్నీ ఆమే రాయిమీద పెట్టి కొట్టి, పప్పు ఒలిచి నా ఒళ్ళో పోసింది. మా వారు ఇంకో కాసు ఇవ్వబోతే, "మూతి కాలిన మనిసి కాడ ఏటి తీసుకుంటాం బావూ" అంది.

అలా ఉద్దానంలో అడుగు పెట్టకముందే మూతి వాచింది. ఆ వాపుతోనే ఎడ్లబండెక్కాను.

ఇసకదారి

పలాస దాటి తూర్పుకి పోయేకొద్దీ నేల రంగు మారిపోతుంది. ముందు ఎర్రమట్టి, తరవాత ఇసక, ఆపైన అంతా కొబ్బరినీడే. మా కోనసీమలో కొబ్బరితోటంటే కాలవ ఉంటుంది, నీళ్ళు ఉంటాయి. ఇక్కడ పొడి ఇసకలోంచి చెట్టు లేచి నిలబడింది, ఏం తాగి బతుకుతోందో తెలియదు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు పీచు దంచుతూనో తాడు పేనుతూనో ఉన్నారు. మాట్లాడుతూనే పేనుతున్నారు, కోడిని తరుముతూనే పేనుతున్నారు.

ఇక్కడి మాటకి ఒక ఊగు ఉంది. బండివాడు ఎద్దుల్ని తిడుతున్నా జోలపాడుతున్నట్టే వినిపించింది.

వజ్రపుకొత్తూరు ఇంకా కాస్త దూరం ఉందనగా, ఇసకలో చక్రం చీల ఊడి ఎక్కడో పడిపోయింది. బండి ఒక పక్కకి ఒరిగింది. నేను దిగలేదు, జారాను. బండివాడూ మా వారూ చీల వెతకడానికి వెనక్కి నడిచారు. అది దొరక్కపోతే పక్క ఊరి కమ్మరి దగ్గరికి పోవాలి. "నువ్వు ఈ నీడన కూర్చో" అన్నారు మా వారు. కూర్చుంటానా? ఎదురుగా ఒక పూరింటి గోడమీద ఎర్రటి చేపలు, నల్లటి పడవలు, కొమ్మమీద చిలకలు. అంత చక్కటి గోడ వదిలేసి చెట్టుకింద ఎవరు కూర్చుంటారు? అటే నడిచాను.

అప్పన్న ఇల్లు

అది బొమ్మలు గీసే అప్పన్న ఇల్లు. ఆ తీరంలో కొత్త పడవ సముద్రంలోకి దిగాలంటే దాని ముక్కుకి గంగమ్మ బొమ్మ గీసిన పలక కట్టాలి. ఆ పలకలు గీసేది అప్పన్న. ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. నాకది తరవాత తెలిసింది గాని మీకు ముందే చెప్పేస్తాను, లేకపోతే నా తెలివితేటలు మీకు అర్థం కావు.

బొమ్మంతా పూర్తిచేసి, కళ్ళు మాత్రం ఆఖరున పెడతాడు. కళ్ళు తెరవగానే అమ్మ మొదట చూసేది కడుపు నిండిన పరాయి మనిషిని అయ్యుండాలి. అంతకుముందు ఆ ఇసక తొక్కని మనిషి వచ్చి, ఆ ఇంటి గుగ్గిళ్ళు తిని, బొమ్మకెదురుగా కూర్చోవాలి. అప్పుడు కళ్ళు పెడతాడు. ఇంకో మెలిక ఉంది. ఆ వచ్చిన మనిషిని తినమని అడగకూడదు. ఎందుకో చెప్పకూడదు. ఎదర పెట్టి ఊరుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు తినాలి.

అప్పటికి ఒక పలక కళ్ళు లేకుండా మూడు రోజులుగా ఎదురు చూస్తోంది. ఆ పలక పోలమ్మది. పోలమ్మ వాళ్ళ పాత పడవ కార్తీకం గాలివానకి ముక్కలైపోయింది. అప్పట్నుంచి ఆమె మొగుడూ కొడుకులూ ఇంకొకరి వలలు లాగి, వాళ్ళు పడేసినంత ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఎలాగో కొత్త పడవ కుట్టించుకున్నారు. అవును, అక్కడ పడవ చెక్కల్ని కొబ్బరితాడుతో కుడతారు, మేకు ఉండదు. చేప గట్టుకి దగ్గరగా వచ్చిన రోజులవి. అందరి పడవలూ వెళ్ళి వస్తున్నాయి, పోలమ్మది మాత్రం ఒడ్డున ఇసకలో కూర్చుంది. పరాయి మనిషి రావాలి, అమ్మ కళ్ళు తెరవాలి, అప్పుడే కదలాలి. మా వారు ఏటేటా వచ్చే మనిషి కాబట్టి లెక్కలోకి రారు.

సరిగ్గా అప్పుడు మూతి వాచి నేను ప్రత్యక్షమయ్యాను.

వాకిట్లో ఒక నడివయసు ఆడమనిషి మోకాళ్ళమీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. అదే పోలమ్మ. నన్ను చూసి లేచి నిలబడింది. లోపల్నుంచి అప్పన్న భార్య నీలమ్మ వచ్చింది.

"ఎండలో నిలబడ్డావేటమ్మా, లోనకి రా. ఏ ఊరు మీది?"

"కాకినాడ."

"ఇంతకు ముందెప్పుడైనా ఇటేపు వచ్చినావా?"

"ఎక్కడ, ఆయన తీసుకొస్తేగా" అని నా పదేళ్ళ గోడు మొదలెట్టాను. ఆమె అంతవరకే విని, లోపలికి తిరిగి, "ఏటండి, వచ్చీసినారు" అని కేకేసింది. ఎవరొచ్చారా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

చిప్పలు

ఆ ఇంటి వంటిల్లు నేను మరచిపోలేను. ఒక పక్క పొయ్యి, ఒక పక్క ఆయన రంగులు. మధ్యలో గోడ లేదు. గూట్లో వరసగా కొబ్బరిచిప్పలు. కొన్నింట్లో దీపపు మసి, గవ్వల సున్నం, నీలిమందు, ఎర్రమట్టి. కొన్నింట్లో నానిన గింజలు. నల్లసెనగలు, ఉలవలు, బొబ్బర్లు, అనుములు, పెసలు, ఎర్ర కందులు. దూరంనుంచి ఏది రంగో ఏది తిండో తెలియలేదు. ఒక చిప్పలో వేలు పెట్టబోతే నీలమ్మ చెయ్యి పట్టుకుంది.

"గీకిన సిప్ప రంగుది. పీసున్న సిప్ప తిండిది. అది సూసుకో సాలు."

చూస్తే నిజమే. రంగు చిప్పలన్నీ బయట నున్నగా గీకి ఉన్నాయి, గింజల చిప్పలకి పీచు అలాగే వదిలేశారు. చీకట్లో తడిమినా తేడా తెలుస్తుంది.

నన్ను పీటమీద కూర్చోబెట్టి, లేత కొబ్బరినీళ్ళిచ్చి, వంట మొదలుపెట్టింది. ముందు ఉలవలు పొయ్యిమీదికి. అవి మొండిఘటాలు, ఎంతకీ ఉడకవు. ఉడికాక వార్చి, ఆ నీళ్ళు చారుకి పక్కన పెట్టింది. తరవాత సెనగలు, తరవాత కందులు, బొబ్బర్లు. అనుములు ఉడికాక పైతొక్క వేళ్ళతో నొక్కి తీసేసింది. పెసలు ఆఖరున, ఇలా పొంగగానే అలా దింపేసింది. ఒక్కోటీ విడిగా వెదురు తట్టలో ఆరబోసింది.

నాకు చూసి చూసి ఓపిక పోయింది. "అన్నీ ఒక్క కుండలో పడేస్తే ఒక్క పుల్లతో అయిపోయేదిగా నీలమ్మా?"

అరుగుమీంచి అప్పన్న నవ్వాడు. బక్కపలచని మనిషి, చెవి వెనక కుంచె. "రంగులన్నీ ఒక్క సిప్పలో పోత్తే ఏటవుద్దమ్మా? బురదవుద్ది. ఈవిడ నా కాడ నేర్సుకుందో, నాను ఈవిడ కాడ నేర్సుకున్నానో మా ఇద్దరికీ తెల్దు."

చల్లారాక అన్నీ పెద్ద మట్టిమూకుట్లోకి వంచింది. అప్పుడు చూడాలి ఆ రంగులు. తెలుపు, ఎరుపు, పచ్చ, గోధుమ, నలుపు, ఏదీ దేనికీ లొంగలేదు. అందులో పచ్చికొబ్బరి కోరు, సన్నగా తరిగిన పుల్లమామిడి, ఉల్లిపాయ, పచ్చి జీడిపప్పు చీలికలు. నిప్పులమీద కాల్చిన మిరపకాయలు ఉప్పుతో నలిపి చల్లింది. చిటికెడు తాటిబెల్లం. పైన పచ్చి నువ్వులనూనె ధారగా. తిరగమోత లేదు. గరిటె కూడా లేదు, చేత్తోనే అడుగునుంచి పైకి తిప్పింది, ఒక్క గింజ చితకలేదు.

ఆ వాసనకి నా కడుపు బహిరంగంగా అరిచింది. రైల్లో తిన్న అటుకులు ఎప్పుడో అరిగిపోయాయి.

నేనూ, ఆకూ

నీలమ్మ ఒక అరిటాకు వేసి, దాన్నిండా గుగ్గిళ్ళు పోసి, నా ముందు పెట్టింది. నా ముందంటే నాకూ గోడకీ మధ్య. గోడకి ఆనించి గంగమ్మ పలక ఉంది. పచ్చటి ముఖం, ఎర్రచీర, చేతిలో చేప, కళ్ళ చోట ఖాళీ.

ఇంకేముంది, నైవేద్యం అనుకున్నాను. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను.

నీలమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పన్న కుంచె పట్టుకుని కూర్చున్నాడు. పోలమ్మ గుమ్మంలో కూర్చుంది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. హారతి ఎప్పుడిస్తారా అని నేను వాళ్ళని చూస్తున్నాను.

కాసేపటికి నీలమ్మ ఆకుని మెల్లగా నావైపు జరిపింది. పాపం, ఆకు వంకరగా ఉందని సర్దుతోంది కాబోలనుకుని నేను దాన్ని మళ్ళీ అమ్మవైపు జరిపాను. ఆవిడ మళ్ళీ ఇటు. నేను మళ్ళీ అటు. మూతి నొప్పెడుతోంది, కడుపు కాలుతోంది, భక్తి మాత్రం చెక్కుచెదరలేదు. మా ఇంట్లో కొసరి కొసరి వడ్డించి, వద్దన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె వేసి, తింటావా లేదా అని ప్రాణం తీస్తాం. ఇక్కడ నోరు తెరిచి ఒక్కరూ "తిను" అనడం లేదు. అనలేదు కాబట్టి అది నాది కాదనే నా లెక్క.

పోలమ్మ లేచి వాకిట్లోకి వెళ్ళి, కొబ్బరాకుల కదలిక చూసి వచ్చింది. "గాలి మల్లతంది" అంది, ఎవరితోనూ కాకుండా. గాలి మళ్ళితే ఆ పూటకి పడవ దిగదట. మళ్ళీ కూర్చుంది. ఇంకాసేపు చూసి, "ఇయాల కూడా నేదు కామోసు. రేపు సూత్తాన్లే అప్పన్న బావా" అని లేచింది. ఆ గొంతులో కోపం లేదు. ఆమె ముఖం చూస్తే నిన్నా మొన్నా కూడా అదే మాట అని వెళ్ళిందని తెలుస్తోంది.

అప్పన్న అప్పుడు కుంచె కింద పెట్టాడు. నావైపు చూడలేదు. పలకవైపు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "అమ్మకింకా కళ్ళే నేవు. కళ్ళు నేని అమ్మకి నైవేద్యమేటి."

ఆ మాట నా బుర్రలోకి దిగడానికి కొంచెం సేపు పట్టింది. కళ్ళు లేవు. అంటే అమ్మ ఇంకా రాలేదు. అంటే ఇది వట్టి పలక. అంటే ఆకులో ఉన్నవి వట్టి గుగ్గిళ్ళు. వట్టి గుగ్గిళ్ళు ఆకలితో ఉన్న మనిషి ముందు పెట్టారంటే ఎవరికోసం?

ఆకుని నావైపు లాక్కున్నాను.

ఏమని చెప్పను ఆ రుచి. ఉలవ నమిలితే ఉలవే తెలుస్తుంది, పెసర నమిలితే పెసరే. మధ్యలో మామిడి పులుపు జివ్వుమంటుంది, వెనకాల కొబ్బరి వచ్చి సర్దుతుంది. కాలిన పెదవికి మిరపకాయ తగిలి కళ్ళనీళ్ళు వచ్చాయి, అయినా చెయ్యి ఆగలేదు. సగం ఆకు అయ్యాక తల ఎత్తితే నీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. పోలమ్మ వెనక్కి వచ్చి మళ్ళీ గుమ్మంలో కూర్చుంది.

"కారమైనాదా తల్లీ?" అంది నీలమ్మ. అప్పటికి ఆమె నోరు విప్పింది.

ఆకు ఖాళీ చేశాను. నన్ను కదలొద్దన్నారు. అప్పన్న మసిలో కుంచె ముంచి ఒక కన్ను, మళ్ళీ ముంచి రెండో కన్ను పెట్టాడు. అంతే, ఆ పలక పలక కాకుండా పోయింది. ఆ రెండు కళ్ళూ తిన్నగా నన్ను చూస్తున్నాయి. గడ్డంమీద మామిడి ముక్క, చేతికి నూనె, వాచిన మూతి. ఒక దేవత తన మొదటి చూపు అలాంటి మనిషి మీద పెట్టింది. అప్పుడు పెట్టాను అసలు దణ్ణం.

తరవాత అన్నీ చెప్పారు. మూడు రోజుల సంగతి, పడవ సంగతి. "మరి నోరు తెరిచి తినమనొచ్చుగా" అని నీలమ్మని కసిరాను.

"అడిగి పెడితే నువ్వు మా కోసం తిన్నట్టమ్మా. ఆకలేసి తింటే నీ కోసం తిన్నట్టు. అమ్మకి అదే గావాల."

పోలమ్మ అప్పటికే పలక నెత్తినెట్టుకుని సముద్రంవైపు పరుగెత్తుతోంది. మా వారు చీలతో తిరిగొచ్చేసరికి నేను రెండో ఆకు ముందు ఉన్నాను.

భావనపాడు

మర్నాడు మా వారి తాళ్ళ బేరాలు చూసుకుని, తీరం వెంబడి భావనపాడు చేరాం. ఒడ్డంతా ఎండబెట్టిన చేపలు. ఆ వాసనకి మొదట ముక్కు మూసుకున్నాను. అక్కడివాళ్ళు అదే గాలి పీలుస్తూ హాయిగా అన్నాలు తింటున్నారు, నాకు సిగ్గేసి కొంగు తీసేశాను.

పడవలు వస్తున్నాయి. ఒక దాని ముక్కుమీద పచ్చటి ముఖం, రెండు నల్లటి కళ్ళు. దూరంనుంచే గుర్తుపట్టాను. నన్ను కూడా ఆ కళ్ళు గుర్తుపట్టాయని మీరు నవ్వినా సరే, నేను అంటాను. పోలమ్మ కొడుకులు వల దింపుతున్నారు, బరువుకి ఇద్దరి వెన్నూ వంగిపోయింది. చేపలమ్మడానికి ముందుగానే వచ్చి కూర్చున్న పోలమ్మ నన్ను చూసి, బుట్ట వదిలేసి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అక్కడున్న ఆడవాళ్ళందరి మధ్యకి లాక్కుపోయింది.

"ఈయమ్మే. అమ్మ మొట్టమొదట సూసిన మనిసి."

ఒక్కొక్కరూ వచ్చి నా చెయ్యి ముట్టుకున్నారు. ఒకామె మునగకాయలు, ఒకామె కొబ్బరికాయలు, ఒక ముసలామె ముంతెడు ఉలవలు ఒళ్ళో పెట్టారు. నేను చేసిన ఘనకార్యం ఏమిటి? ఆకలేస్తే తినడం. అది కూడా ఒక పూట మొరాయించి. వాళ్ళ పడవని ఇంకాస్తుంటే ఒడ్డునే కూర్చోబెట్టి ఉండేదాన్ని. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. కన్నీళ్ళు వచ్చేశాయి. మా వారు కంగారుపడి, మూతి మళ్ళీ మండుతోందా అని అడిగారు.

టెక్కలి, ఇల్లు

సంతబొమ్మాళి మీదుగా టెక్కలి వచ్చేసరికి బండిలో మాకు చోటు లేదు, వాళ్ళిచ్చిన వాటికే సరిపోయింది. టెక్కలి బజారులో పీచుతో ఉన్న కొబ్బరిచిప్పలు కొనబోతే దుకాణదారు నన్ను వింతగా చూశాడు. "సిప్పలు ఎవులైనా కొంటారేటమ్మా, ఉట్టినే పట్టుకుపో" అన్నాడు. అవే ఇప్పుడు మా వంటింటి గూట్లో ఉన్నాయి.

ఇల్లు చేరాక గుగ్గిళ్ళు నాలుగైదుసార్లు చేశాను. మొదటిసారి తొందరపడి ఒకే కుండలో పోశాను. అప్పన్న చెప్పినట్టు బురదే అయింది, ఆవుకి పెట్టాను. తరవాతనుంచి విడివిడిగానే. మా అత్తగారు మూతి తిప్పుతూనే రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

పోయిన వారం మిట్టమధ్యాహ్నం ఒక యాత్రికుడు మా అరుగుమీద ఆగాడు. పూరీ నుంచి కాలినడకన దక్షిణానికి పోతున్నాడట, భాష కూడా సరిగా రాదు. గుగ్గిళ్ళు అప్పుడే కలిపాను. ఆకు వేసి అతని ముందు పెట్టాను. అతను నాకు దణ్ణం పెట్టి, ఆకుని మర్యాదగా నావైపు జరిపాడు.

మామూలుగా అయితే ఆపాటికి వీధి చివరిదాకా వినిపించేలా "తినవయ్యా, మొహమాటం దేనికి" అని మొదలెట్టేదాన్ని. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీలమ్మ గుర్తొచ్చింది. గాలి మళ్ళిపోతుంటే, పోలమ్మ లేచి వెళ్ళిపోతుంటే, ఆ మహాతల్లి ఎలా నోరు కట్టుకుని కూర్చుందో అప్పుడు తెలిసింది. ఆకు అతనివైపు జరిపాను. అతను ఇటు జరిపాడు. నేను అటు జరిపాను. పళ్ళు బిగబట్టుకుని, పక్కన చతికిలపడి కూర్చున్నాను.

చాలాసేపటికి అతను ఒక బొబ్బర గింజ తీసి నోట్లో వేసుకున్నాడు. తరవాత గుప్పెడు. తరవాత తల ఎత్తలేదు. అతని చెయ్యి ఆకుమీద పడేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నమ్మకపోతే మా వారిని అడగండి, గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూశారు.